దుప్పటి మీద ముడత

నాన్నా,

నువ్వు వద్దన్న నర్సింగులోనే చేరాను. నువ్వు చనిపోయిన ఏడాదికి, రాజమండ్రిలో. మండపేట మిల్లులో నీ తోటివాళ్ళందరికీ నేనే వెళ్ళి చెప్పాను. "పరాయి మగాళ్ళ ఒళ్ళు తుడిచే పనికి నా కూతురా?" అని నువ్వు అరిచింది వాళ్ళ ముందేగా.

ఇవాళ మేడమ్ మమ్మల్ని ఈ చదువుకి ఎందుకొచ్చారని అడిగారు. ఒకమ్మాయి జర్మనీ వెళ్ళాలంది. ఇంకో అమ్మాయి, "డాక్టరు సీటు రాలేదండి" అని తల దించుకుంది. నేను మాత్రం, "మా నాన్న వద్దన్నారండి, అందుకే వచ్చాను" అన్నాను. అందరూ నవ్వారు.

తర్వాత మంచం మీద దుప్పటి పరచమన్నారు. ఇదీ ఒక చదువేనా అనుకుంటూ పరిచేశాను. మేడమ్ చూసి, "నువ్వే పడుకోమ్మా, కదలకుండా" అన్నారు. కాసేపటికే నడుం కింద ముడత ఒత్తుకోవడం మొదలైంది.

"కదల్లేని మనిషికి అక్కడే పుండు పడుద్ది. దుప్పటి బిగించాలి, రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి" అన్నారు మేడమ్.

బస్తాల మీంచి పడి నువ్వు మంచాన ఉన్నప్పుడు, ఆసుపత్రిలో నర్సమ్మ తిప్పబోతే ముట్టుకోవద్దన్నావు. పట్టుబట్టి ఇంటికొచ్చేశావు. నీకు నొప్పని అమ్మా నేనూ నిన్ను కదపనే లేదు. నీ నడుం మీద పుండు ఎందుకు పడిందో నాకు ఇవాళ తెలిసింది.

లేచి దుప్పటి మళ్ళీ పరిచాను, ముడత లేకుండా. ఆ మంచం మీద నువ్వే ఉంటే, అరిచినా, తిట్టినా, నా కూతురివే కాదన్నా సరే, రెండు గంటలకోసారి నిన్ను తిప్పి తీరేదాన్ని.