అవ్వ మొక్కిన ఫాల్టు

మందమర్రి

బిడ్డా జ్యోతిరాణీ, ఇంట్ల అందరం మంచిగున్నం.

అండమాన్ సముద్రం అంచున మీ పరిశోధన ఓడకు పెద్ద ఫాల్టు దొరికిందన్న నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "నా బిడ్డ ఏం తప్పు చేసిందో" అని మీ అవ్వ ఒకటే ఏడుపు. నాకు నవ్వాగలే. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసినోన్ని, నాకు తెల్వదా? బొగ్గుపొర తెగి కిందికి జారినకాడ మేమూ ఫాల్టనే అంటుంటిమి. నేల అంచు సాగి సాగి, మెట్లు మెట్లుగ కుంగితే సముద్రం తెరుసుకున్నదని నువ్వు రాసిందంత సమజైంది తల్లీ! నా సంబురం కార్డుల పట్టది. ఆ నేల ఇంకా సాగుతుందా? ఓడల అన్నం మంచిగ పెడుతుండ్రా? ఒడ్డుకు రాంగనే అవ్వకు ఫోన్ చెయ్యి, నేను చెప్తే నమ్ముతలేదు. నీ ఫాల్టు పోవాలని నిన్న పోచమ్మకు మొక్కింది. గా ఫాల్టే పోతే నీ చదువెట్ల బిడ్డా! సల్లగ బతుకు.

నీ బాపు
రాయమల్లు