టాపు వేసి నడిపిన మైళ్లు

కీత్,

నిన్న కారు క్లబ్బులో నువ్వు గొప్పలు పోయావని పక్కింటి ఐలీన్‌కు వాళ్లాయన చెప్పాడట, ఆవిడ గోడ మీంచి నాకు చెప్పింది. కంపెనీవాళ్లు ఏం రాసుకున్నా, మన టాపు తీసే బుల్లికారు గాలన్‌కు ముప్పై ఆరు మైళ్లు ఏనాడూ దాటలేదు కదా. ఇప్పుడు నలభై రెండు ఇస్తోందన్నావట. కిటుకేమిటని అడిగితే, "మా ఆవిడ ఎక్కడం మానేసింది" అన్నావట. అందరూ పగలబడి నవ్వారట.

ఓవెన్‌లో మాంసం కూరిన 'పై' ఉంది, వేడి చేసుకో. పిల్లికి పెట్టేశాను, కాళ్లకు చుట్టుకున్నా మళ్లీ పెట్టకు. నేను బస్సులో విట్బీ వెళ్తున్నాను, మా అక్కను చూసి ఐదింటికి వచ్చేస్తాను.

ఎందుకు మానేశానో నీకు తెలుసు. ఎత్తెక్కితే గేరు మాట, దిగితే పెట్రోలు మాట. పక్కన సముద్రం కనిపిస్తున్నా నాతో ఒక్క మాట లేదు.

పొద్దున నువ్వు పెట్రోలు లెక్కలు రాసుకునే పుస్తకం తిరగేశాను. నేను పక్కనున్న రోజులన్నిటికీ, జనవరిలో కూడా, 'టాపు తీసి' అని రాసుంది. నేను మానేసిన అక్టోబరు నుంచి ప్రతి వరసలోనూ 'టాపు వేసి'. టాపు తీస్తే బండి గాలికి ఎదురీది పెట్రోలు ఎక్కువ తాగుతుందని చెప్పింది నువ్వే. అయితే ఆ ఆరు మైళ్లూ తిన్నది నా బరువు కాదు.

వెండీ

ఇంకొకటి. ఇంత ఎండలో కూడా నువ్వు టాపు వేసుకుని ఎందుకు తిరుగుతున్నావని ఐలీన్‌నే అడిగాను. "ఎవరి కోసం తియ్యమంటావు?" అంది.