గేటు ముందు దిమ్మ

అమ్మాయీ, నేను కులాసా. నా కారు నాకంటే కులాసా.

పోయినసారి మీ గేటు ముందున్న సిమెంటు దిమ్మకు కారు అడుగు గీసుకుపోయినప్పుడు, "దీనికీ మీకూ విశ్రాంతి కావాలి అత్తయ్యగారూ, అమ్మేయండి" అని అల్లుడుగారు అన్న మాట నేను మరచిపోలేదు. కుంగిపోయిన స్ప్రింగులనూ, కుదుపులు ఆపే స్ట్రట్లనూ తీయించి కొత్తవి వేయించాను. తీరా చూస్తే కారు ఒంటెలా లేచి నిలుచుంది. సీటెక్కడానికి పీట వేసుకోవలసి వచ్చింది.

"తిరగ్గా తిరగ్గా అదే దిగుతుంది మామ్మగారూ," అన్నాడు మెకానిక్కు.

"చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగించేశావు, కీళ్లలోని రబ్బర్లు అలాగే పట్టేశాయి. ఇంకెక్కడ దిగుతుంది? వదులుచేసి, కారు నేలమీద నిలిచాక మళ్లీ బిగించు," అన్నాను.

"నేలమీద ఉంటే నేను కిందికెలా దూరేది?"

"మరి షెడ్డులో ఆ గుంట ఎందుకు తవ్వించావు, చేపలకా?"

కారును గుంట మీదికి నేనే నడిపాను. దిగమన్నాడు, దిగలేదు. "నడిపేది నేను. నా బరువుతోనే బిగించు," అన్నాను. బోల్టులు వదులు కాగానే కారు, అలసిన మనిషి కుర్చీలో చేరగిలినట్లు నెమ్మదిగా దిగి, కొత్తలో ఉన్న ఎత్తున కుదురుకుంది. ఆనందం పట్టలేక ఊరంతా చుట్టి వచ్చాను.

పాప దగ్గు తగ్గిందా? నా కళ్లద్దాలు మీ ఫ్రిజ్జు మీద ఉండాలి, తీసిపెట్టు.

ఆదివారం వస్తున్నాను. దిమ్మను కొట్టించాలని చూస్తున్నారట. నేను వచ్చేదాకా దానిమీద పలుగు పడకూడదు. అల్లుడుగారిని గేటు దగ్గర నిలబడి చెవి ఒగ్గి వినమను. దిమ్మకు కారు గీసుకున్న చప్పుడైతే తాళంచెవి ఆయన చేతిలోనే పెడతాను.

మీ ముగ్గురికీ ఆశీస్సులు. ఆదివారం అవసరపడతాయి గనక అల్లుడుగారికి కాస్త ఎక్కువ.

అమ్మ