పల్జోమ్ వయస్సులో ఎక్కువైన రెండేళ్ళు

బాలికల ఆశ్రమ పాఠశాల ప్రవేశాల అధికారి గారి సముఖమునకు,
స్పితి లోయ, థంగ్‌మర్ గ్రామ వాస్తవ్యుడు, ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండు తండుప్ ఛోపెల్ వ్రాసుకొను విన్నపము.

తేదీ: 21 ఏప్రిల్ 2026

అయ్యా,

విషయం: నా కుమార్తె కుమారి పల్జోమ్ వయస్సు బడి రికార్డులో పదిహేను అని ఉన్నదానిని పదమూడుగా దిద్ది, తొమ్మిదవ తరగతిలో ఆమె సీటు ఆమెకు ఇప్పించవలెనని; మరియు గడువు దాటిన నాలుగు రోజులను మన్నించవలెనని.

సూచిక: తమ కార్యాలయపు 28 మార్చి నాటి ఉత్తరం.

ముందుగా సంతోషము. అర్జీలో సంతోషం రాయకూడదట, మాస్టారు చెప్పారు. అయినా ఆపుకోలేను. తమ ప్రవేశ పరీక్షను రెండు వందల పద్నాలుగు మంది పిల్లలు రాయగా మా పల్జోమ్ మూడవది. విజ్ఞానశాస్త్రంలో మొదటిది. అయ్యా, మొదటిది! ఫిబ్రవరిలో మాస్టారి ఫోనుకు ఆ కబురు వచ్చిన రోజున మా ఊరి పదకొండు ఇళ్ళకూ మంచులో నడిచి వెళ్ళి చెప్పాను. ఒక ఇంట్లో మనుషులు లేరు. అక్కడ గొర్రెలకు చెప్పి వచ్చాను.

ఇక నా మనవులు.

1. పల్జోమ్ ఆరవ తరగతికి వచ్చుసరికి బడిలో మిగిలిన ఇద్దరు పిల్లల కుటుంబములు కింది లోయకు దిగిపోయినవి. అది మొదలు మూడు సంవత్సరములు బడికి ఒక్కతే విద్యార్థిని, ఒక్కరే ఉపాధ్యాయులు, ఒక్కడే వంటవాడు. ఉపాధ్యాయులు శ్రీ నేకరాం మాస్టారు, కింద మండి జిల్లా వైపు వారు. చలిని తిట్టుకుంటారు గాని మంచి మనిషి. వంటవాడను నేను. వంటగది కప్పు మంచు బరువుకు కూలినందున తరగతి గదిలోనే ఒక మూల నా పొయ్యి.

పిల్లల పుస్తకాలలో ప్రతి పాఠం చివర ఒక మాట ఉంటుంది, తమకు తెలియనిది కాదు: "మీ స్నేహితులతో చర్చించండి." పల్జోమ్ ఆ వాక్యాన్ని పైకి చదివేది. ఒకసారి పక్కనున్న ఖాళీ చాప వంక చూసేది. పేజీ తిప్పేది. రోజూ ఇంతే. ఒకనాడు పప్పు కలుపుతున్నవాణ్ణి ఆగలేక అడిగాను.

"మాస్టర్‌జీ, నేను చర్చించవచ్చునా?"

"మీరెంతదాకా చదివారు తండుప్ జీ?"

"మూడు. అందులో సగం గొర్రెల వెనకాలే."

"సరే, గరిటె అక్కడ పెట్టి వచ్చి కూర్చోండి. పప్పు మాడిందంటే మాత్రం మీ మార్కుల్లో కోస్తాను."

ఆ విధముగా నేను అరవై మూడవ ఏట ఆరవ తరగతిలో చేరితిని. (నా వయస్సు మీద తమకు అనుమానం రావచ్చును. మూడవ మనవి చదివిన తరువాత ఇంకా రాగలదు.)

2. తమ పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది తరగతుల అన్ని సబ్జెక్టుల ముఖ్యాంశాలు చదవవలెనని నోటీసులో ఉన్నందున, నేనూ పల్జోమ్ ఒక నోటుబుక్కు పెట్టుకొని ఒకరినొకరు అడుగుకొంటిమి. కాంతి సరళరేఖలో ప్రయాణించును. ఆకులు సూర్యరశ్మితో ఆహారం వండుకొనును (నాకు మొదటిసారే నోటికి వచ్చిన పాఠం ఇదే). రెండు రుణసంఖ్యలను గుణించిన ధనసంఖ్య వచ్చును. దీని మీద నేను మాస్టారితో రెండు రోజులు తగవు పెట్టుకున్నాను, ఆఖరికి ఒప్పుకున్నాను. బలమును వైశాల్యముతో భాగించిన పీడనము. అందుకే వెడల్పు అడుగు బూటు మంచులో కూరుకుపోదని పల్జోమ్ చెప్పినప్పుడు నేను లేచి నిలబడ్డాను. అయ్యా, నేను పుట్టినప్పటి నుంచీ మంచులో నడుస్తున్నాను. ఆ సంగతి నా కాళ్ళకు తెలుసు, నాకు తెలియదు!

ఈ చదువు వలన నాకు కలిగిన ఆనందం ఎంతని వ్రాయను. ఈ అర్జీ రూపం కూడా ఎనిమిదవ తరగతి భాషా పాఠంలోనిదే. "అధికారికి లేఖ", ఆరు మార్కులు. పల్జోమ్‌కు ఆరు వచ్చినవి, నాకు మూడు. నా కాగితం మీద మాస్టారు ఎర్ర సిరాతో "అనవసర విషయములు ఎక్కువ" అని వ్రాసినారు.

3. ఇప్పుడు తప్పు గురించి. తప్పు నాది, బడిది కాదు, పిల్లది అసలే కాదు.

మా లోయలో బిడ్డ భూమి మీద పడిన రోజునే దానికి ఒక ఏడు. తరువాత పుట్టినరోజులు లెక్కపెట్టము, కొత్త సంవత్సరం లోసార్ వచ్చినప్పుడల్లా ఊరంతటికీ ఒకేసారి ఒక ఏడు పెరుగును. పల్జోమ్ లోసార్‌కు రెండు రోజుల ముందు పుట్టినది. అనగా పుట్టగానే ఒకటి, మూడవ రోజుకు రెండు. పురిటి బట్టలు ఇంకా ఆరలేదు, పిల్లకు రెండో ఏడు!

2018 మార్చిలో బడిలో చేర్చునప్పుడు అప్పటి మాస్టారు "ఎన్నేళ్ళు?" అని అడిగినారు. నేను మా లెక్క ప్రకారం ఏడు అన్నాను. ఆయన ఆ సంవత్సరంలోంచి ఏడు తీసివేసి, 2011 మార్చి ఒకటో తేదీ అని వ్రాసుకొన్నారు. నిజానికి అప్పుడు ఆమెకు ఐదు నిండి ఒక్క నెల. ఆ ఒక్క అంకె వలన, పద్నాలుగు నిండినవారు అనర్హులని తమ కార్యాలయం ఆమె సీటు తీసివేసినది. తీసివేయుట న్యాయమే. అంకె న్యాయం కాదు.

4. ఆధారములు. చరిత్ర పాఠంలో ఆధారాలు మూడు రకములని ఉన్నది: వ్రాతపూర్వకం, మౌఖికం, వస్తురూపం. ఆ వరుస పాటించవలెనని మొదలుపెట్టితిని గాని దొరికినవి దొరికినట్లే వ్రాయుచున్నాను.

జనన ధ్రువపత్రము లేదు. కారణం భూగోళశాస్త్రం. మా ఊరు సముద్రమట్టానికి నాలుగు వేల రెండు వందల మీటర్ల ఎత్తు. ఫిబ్రవరిలో దారి ఉండదు. నా భార్య యంగ్‌చెన్ ఇంట్లోనే ప్రసవించినది. పొయ్యి మీద లోసార్ ముందటి తొమ్మిది రకాల గింజల సూపు ఉడుకుతున్నది. "పిల్లని పట్టుకో, సూపు అడుగంటుతోంది" అన్నది ఆమె. ఆ సాక్ష్యం చెప్పుటకు ఆమె ఇప్పుడు లేదు. పల్జోమ్‌కు నాలుగు నిండకమునుపే పోయినది.

పంచాంగం చూసి జాతకాలు వ్రాయు మా ఊరి వైద్యుడు ఆమ్చి ఛుల్టిమ్ గారి వద్దకు ఈ పొద్దున్నే పోయినాను. ఆయన తన పాత కట్ట విప్పి, పల్జోమ్ పుట్టిన రోజున వ్రాసిన పంక్తి చూపినారు.

"నీ కూతురు నీటి డ్రాగన్ ఏడాది ఆఖరి పిల్లరా. ఏడాది తలుపు మూసుకుంటుంటే సందులోంచి దూరి వచ్చింది."

"అయితే దాని వయసెంత, ఆమ్చి గారూ?"

"పదిహేను."

"అదే వద్దంటున్నా!"

"పదిహేనుని పదిహేననక ఏమనమంటావ్? సర్కారుకి లెక్క రాకపోతే నా మీద అరుస్తావేం?"

అయినను ఆ పంక్తి నకలు వ్రాసి, వేలిముద్ర వేసి ఇచ్చినారు. జత చేసితిని. నీటి డ్రాగన్ సంవత్సరం 2013 ఫిబ్రవరి పదితో ముగిసినదని మాస్టారు ఫోనులో చూసి ధ్రువీకరించినారు. కావున పుట్టిన తేదీ 9 ఫిబ్రవరి 2013.

మరియు 2018లో బడికి వచ్చిన నర్సమ్మ వ్రాసిన ఆరోగ్య కార్డు. అందులో "పాలపళ్ళు ఇరవై, ఊడినవి లేవు" అని ఉన్నది. పాలపళ్ళు ఆరేళ్ళప్పటి నుంచి ఊడుట మొదలగునని విజ్ఞానశాస్త్రం. ఏడు నిండిన పిల్లకు ఒక్కటైనా ఊడి ఉండదా? ఇది ఒక్కటే చాలదని నాకు తెలుసు. కాని పంక్తితో కలిపి చూడగలరు.

గణితంలో సంఖ్యారేఖ సున్నా నుంచి బయలుదేరును. మా పెద్దలు ఒకటి నుంచి బయలుదేరినారు. అంతే తేడా. మా వాళ్ళు చెడ్డవారు కారు అయ్యా. పుట్టిన బిడ్డను సున్నా అనడానికి నోరు రాలేదు.

5. ఆలస్యమునకు కారణము.

తమ ఉత్తరం ఏప్రిల్ రెండున వచ్చినది. అభ్యంతరమునకు పదిహేను రోజుల గడువు. నేడు పంతొమ్మిదవ రోజు. మంచు వలన దారి మూసుకొన్నదని వ్రాయమని మాస్టారు అన్నారు. "అందరూ అదే రాస్తారు, ఎవరూ పైకొచ్చి చూడరు" అన్నారు. దారి తెరిచే ఉన్నది. ఉత్తరం నా కోటు లోపల ఉన్నది.

ఆ రోజు మాస్టారు జీతం పని మీద కిందికి వెళ్ళినారు. పోస్టు మనిషి కవరు నా చేతికి ఇచ్చినాడు. బడి అరుగు మీద విప్పి చదివినాను. "వయస్సు మించినందున అనర్హురాలు." అది చదివిన తండ్రికి ముందు దుఃఖం రావలెను. రాలేదు. ముందు వచ్చినది సంతోషం. పిల్ల ఎక్కడికీ వెళ్ళదు అనుకున్నాను. ఆ సంతోషాన్ని కోటులో దాచుకొని పద్దెనిమిది రోజులు తిరిగినాను.

రోజూ అడిగేది.

"ఆబా, ఉత్తరం వచ్చిందా?"

"రాలేదు తల్లీ. సర్కారు పనులు నిదానం."

తన ఎనిమిది అయిపోయినా ఆమె బడికి పోవుట మానలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చేవరకు మాస్టారు తాళం తీస్తారు. ఈమె పోయి పాత పుస్తకాలే మళ్ళీ చదువుతుంది. నిన్న మధ్యాహ్నం మాస్టారు ఎండలో కూర్చున్నారు, నేను కట్టెలతో వెళ్ళినాను. లోపల ఇద్దరి మాటలు వినవచ్చినవి. ఇద్దరూ పల్జోమే. పుస్తకం అంచున జడలు వేసుకొన్న మీనూ అను బొమ్మ ఉంటుంది, పాఠం మధ్యలో ప్రశ్నలు అడుగుతూ. ఆ మీనూ ఉన్న పేజీని ఎదుటి చాప మీద తెరిచి పెట్టి, తాను ఇటు కూర్చొని ఒక మాట, లేచి అటు కూర్చొని ఒక మాట.

"అడవులు కొట్టకూడదంటావు సరే, మరి చలికాలం నువ్వేం కాలుస్తావే మీనూ?"

అటు పోయి: "పేడ కాలుస్తాం. నీకంత చలేస్తే కింది లోయకి పో!"

ఇటు వచ్చి నవ్వింది. తరువాత గొంతు తగ్గించి అన్నది:

"నువ్వు బానే తిడతావే. మా ఆబాతో వాదించలేను. నేనేం చెప్పినా ఔనంటాడు. చాలా మంచివాడు. కానీ ఔనన్నాక ఇంకేం మాట్లాడాలో తెలీదు."

కట్టెలు అక్కడే దింపి వచ్చేసినాను. అయ్యా, మూడేళ్ళు ఆమెకు తోడున్నానని ఊరంతా చెప్పుకొని తిరిగినవాడను. చర్చకు కావలసినది కాదనేవాళ్ళని ఏ పాఠంలోనూ నాకు తగలలేదు.

ఆ సాయంత్రమే మాస్టారికి ఉత్తరం చూపినాను. ఆయన మడతలు విప్పి రెండుసార్లు చదివినారు. తరువాత "కాగితం తెస్తాను, మీరే రాయండి" అన్నారు.

6. కావున ప్రార్థించునదేమనగా:

పుట్టిన తేదీ దిద్దించవలెను. సీటు మరొకరికి ఇచ్చి ఉండకపోయిన ఎడల ఆమెకు ఇవ్వవలెను. ఇచ్చి ఉన్న ఎడల, ఆ పిల్లను లేపవద్దు. ఒక మంచం అదనంగా వేయించవలెను. ఆ మంచం గోడ పక్కన కాకుండా ఇద్దరు అమ్మాయిల మధ్యన, వీలైతే గట్టిగా మాట్లాడు అమ్మాయిల మధ్యన వేయించవలెను. తొమ్మిదవ తరగతి ఉన్న మరొక బడి మాకు నలభై కిలోమీటర్లు, అక్కడ వసతి లేదు. తమ బడి తప్పితే ఆమె చదువు ఇక్కడితో సరి. ఆలస్యమునకు శిక్ష ఏదైనా ఉన్నచో నాకు విధించవలెను.

పౌరశాస్త్రంలో, సామాన్యుడు అర్జీ పెట్టుకొనుట హక్కు అని, దయ కాదని ఉన్నది. నేను రెండూ అడుగుచున్నాను. తీరిక చేసుకొని ఒక్కసారి పూర్తిగా చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడును, పల్జోమ్ తండ్రియు, ఆరు నుంచి ఎనిమిది వరకు ఆమె సహాధ్యాయుడును అగు
తండుప్ ఛోపెల్

జతపరచినవి: ఆమ్చి గారి పంక్తి నకలు, ఆరోగ్య కార్డు, తమ ఉత్తరం (మడతలు పడినందుకు మన్నించవలెను).

మరొక మాట: ఈ కాగితం సంగతి పల్జోమ్‌కు తెలియదు. ఇవాళ పొద్దున కూడా ఉత్తరం వచ్చిందా అని అడిగింది. తమ జవాబు ఔను అయితే కవరు మీద ఆమె పేరే వ్రాయించండి, కుమారి పల్జోమ్ అని. దానికి ఇప్పటిదాకా ఎవ్వరూ ఉత్తరం రాయలేదు. జవాబు కాదు అయితే నా పేరున పంపండి. ఈసారి కోటులో పెట్టుకోను. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేనే చదివి వినిపిస్తాను.