పత్తి దూర్చిన గజ్జె

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇంట్లో కూర్చోబుద్ధి కాక పొద్దున్నే ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కినా. గాలం దారానికి కట్టే గజ్జె కొత్తది కొందామని. నువ్వు మిల్లు నుంచి పత్తి తెచ్చి దూర్చిన పాత గజ్జె నాకు వినపడదు. చేప పడిందో లేదో తెలీక మాటిమాటికీ లేచి దారం తడుముతాండాను. "గట్టిగా మోగితే ఇంత చిన్న కుంటలో చేపలన్నీ బెదిరిపోతాయిరా" అంటాంటివి. నీకు మటుకు ఆ కాస్త సప్పుడే చాలు.

అంగట్లో ఒక్కో గజ్జె చెవికాడ పెట్టుకోని ఊపి చూస్తాంటే అంగడాయన నవ్వినాడు.

"ఎద్దులకు అందరూ బాగా మోగేది అడుగుతారు. నువ్వేమప్పా, మోగీ మోగనిది అడుగుతాండావు?"

నాకు వినపడాల, చేపలు మాత్రం బెదరగూడదు. అన్నీ ఒకటే మోత. కొనకుండానే వచ్చేసినా.

"పాతదాంట్లో పత్తి పీకేస్తే మోగుతాది గదా, దీనికి ఆదోనికి పోవాల్నా?" అనింది వదిన.

నిజమే. పిన్నీసు తీసుకోని కూర్చున్నా. పత్తి కొస కొంచెం బయటికొచ్చింది. మళ్లీ లోపలికే తోసేసినా.

పొద్దు గూకినాక కుంటకు పోతాండాను. గజ్జె కడతా. దారం మాత్రం నా వేలికి చుట్టుకుంటా.

నీ తమ్ముడు