ఆట పెట్టె నల్ల వైరు సంగతి

అమ్మాయ్, రాగానే నువ్వు తయారుచేసిన వీడియో ఆట పెట్టె స్విచ్ వెయ్యకు. ముందుగా పెట్టె వెనక తలుపు తీసి నల్ల వైరు చూడు. అది ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు వరుసగా సాగుతుంది గనుక, మధ్యలో ఒక్క కనెక్టర్ వదులైతే ఆ తరువాతి బటన్లన్నీ చచ్చుపడతాయి. మూడో బటన్ దగ్గర అదే జరిగింది. కొత్త కనెక్టర్ తేవడానికి వెళ్తున్నాను, నాలుగింటికల్లా వస్తాను. కాఫీ దుకాణం ఆయన ఐదింటికి పెట్టె చూడటానికి వస్తున్నాడు. నీ మొదటి ఆర్డరు నావల్ల పోకూడదు.

అది వదులైంది నావల్లే. పెట్టె పక్కన ఒక్క దెబ్బ వేస్తే అదే సర్దుకుంటుందన్నందుకు మీ ఆయనకు కార్యకారణ సంబంధం గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను. తీరా కారణం నేనే. పరీక్షించనిదే దేన్నీ నమ్మరాదు కదా అని, నువ్వు ఆఫీసుకు వెళ్ళగానే రోజూ ప్రతి వైరునూ గట్టిగా లాగి చూశాను.

మీ అత్తయ్య ఇవాళ కళ్ళారా చూసింది. "మొక్క నాటి, వేళ్ళు పట్టాయో లేదోనని రోజూ పీకి చూసే రకమండీ మీరు!" అంది. ఆ వాదనలో లోపమేమీ కనబడలేదు.

నీ పనితనాన్ని అనుమానించుకుని నాలుగు రోజులు సరిగ్గా తినలేదు నువ్వు. ఇరవై నాలుగు కనెక్టర్లలో ఇరవై మూడు నా చేతిని తట్టుకున్నాయి. నాకింకే రుజువూ అక్కర్లేదు.

మామయ్య

మరో మాట: పెట్టె ఎంత గట్టిదని ఆయన అడిగితే, నాలుగు రోజులు కఠిన పరీక్ష జరిగిందని చెప్పు. చేసిందెవరంటే మాత్రం కాఫీ సంగతి ఎత్తు.