ఖాళీగా పంపకూడని డిస్కు

బరంపురం,
సోమవారం

పెదనాన్నకీ పెద్దమ్మకీ సస్మిత దండాలు.

ఫోన్లో చెబితే సముద్రం హోరులో సగం వింటావు, మిగతా సగం నువ్వే కల్పిస్తావు. అందుకే పుణ్యవతి అత్త చేపల తట్టలో ఈ ఉత్తరం వేస్తున్నాను.

మీ జాలర్ల సొసైటీకి సర్వరు నేనే కడుతున్నాను పెదనాన్నా! ఒక్కదాన్నే! సముద్రంలో ఏ చోట వల వేస్తే చేప పడుతుందో, సోనేపూర్ పడవలన్నిటి గుర్తులూ అంకెల్లో అందులో దాస్తాం. ప్రెసిడెంటువి కనక ముందు నీ గుర్తులే ఇవ్వాలి మరి. ఈ పని నెగ్గితే నా ఉద్యోగం పర్మనెంటు.

ముందు డిస్కులకి పరీక్ష ఉంది. మామూలుగా కంప్యూటరు కొంత తన దగ్గరే అట్టేపెట్టుకుని, డిస్కు మీద రాసేశానని అబద్ధమాడుతుంది. ఆ వేషాలు సాగకుండా, డిస్కు మీదే నేరుగా మొదలు నుంచి చివరిదాకా రాయించి, సెకనుకి ఎంత రాస్తోందో చూడాలి. మీ ఆఫీసుకొచ్చిన నాలుగు డిస్కులూ పంపించు.

ఇట్లు,
నీ సస్మిత

తా.క.: ఖాళీగా పంపు. విన్నావా? ఖాళీగా.

సోనేపూర్,
బుధవారం

సస్మితమ్మకి పెదనాన్న పైడన్న దీవించి రాసేదేటంటే,

నీ ఉత్తరం మీ పెద్దమ్మ ఎర్రమ్మకి సదివి ఇనిపించినాను. "మన గుంట సర్వరు కడతందట!" అని ఈదంతా సాటింపేసింది. ఇప్పుడు ఊరోళ్లందరూ అది ఎన్ని అంతస్తులని నన్నడుగుతన్నారు.

నాలుగు డిస్కులూ తువ్వాల్లో సుట్టి పుణ్యవతి సేత పంపినాను. రొయ్యలు యేరే పొట్లం, కలిపీకు. పరీచ్చ బాగా సెయ్యి. నీకు పర్మనెంటయితే అమ్మోరికి పుంజుని మొక్కుకున్నాను.

దీవెనలతో,
పైడన్న

తా.క. (కాయితం ఎనక): ఆడపిల్ల ఇంటికి గిన్నె కాళీగా పంపుతామేటే? ఉప్పుకల్లైనా ఎయ్యాలని మీ పెద్దమ్మ ఒకటే గొడవ. అందుకని మా తాతనాటి గుర్తులు నలభై నేను సెప్తంటే, సెక్రెట్రీ చిట్టిబాబు ఒక డిస్కులోకి కొట్టాడు. పాత పుస్తకం సెదలు తినేసింది. లోకంలో ఆ గుర్తులు ఇంక అందులోనే ఉన్నాయి. బద్రం.

బరంపురం,
శుక్రవారం

పెదనాన్నా! అదిరిపోయిందనుకో!

పొద్దున్న మొదలెట్టి చీకటి పడేదాకా నాలుగు డిస్కుల్నీ ఒకేసారి పరిగెత్తించాను. ఒక్కోటీ సెకనుకి రెండొందల యాభై మెగాబైట్లు రాసింది! ఒక్కటీ తడబడలేదు! మా మేనేజరు శ్యామసుందర్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చూసి "బొఢియా!" అని ఒడియాలో మెచ్చుకున్నారు. ఈ మొదలు నుంచి ఆ చివరిదాకా అన్నీ సున్నాలే. పాతది పిసరంత మిగల్లేదు. పరీక్ష కాగితం జతచేశాను. నీ సంతకం పడితే నా ఉద్యోగం ఖాయం!

ఇట్లు,
సంతోషం పట్టలేని సస్మిత

తా.క.: నీ ఉత్తరం దాచుకుందామని మడత పెడుతుంటే వెనకవైపు ఇప్పుడే చూశాను. చచ్చాను పెదనాన్నా! ముత్తాత గుర్తులన్నిటి మీదా నా చేతుల్తో నేనే సున్నాలు రాయించాను. ఇంక తిరిగి రావు. ఈ ఉద్యోగమూ వద్దు, పాడూ వద్దు, నీకు మొహం ఎలా చూపించను? ఇక్కడ అక్షరాలు చెదిరింది రొయ్యల నీళ్లకి కాదు.

సోనేపూర్,
ఆదివారం

సస్మితమ్మా, ముందు ఆ ఏడుపాపు.

ఏ జాలరోడు తన సేప సోటు నిజం సెప్తాడే పిచ్చిదానా? పెళ్లానికే సెప్పడు! మా నాయన నాకు సెప్పింది మంచాన పడ్డాక. ప్రెసిడెంటునై ఉండి ఇవ్వనంటే బాగోదు గదా, అందుకే చిట్టిబాబు ముందు నోటికొచ్చిన అంకెలు సెప్పేసినాను. సెదలూ లేదు, పుస్తకమూ లేదు. అసలు గుర్తులు నా బుర్రలో ఉన్నాయి, దాన్ని ఏ పరీచ్చా తుడవలేదు. ఇదిగో, నీ కాయితం మీద సంతకం పెట్టేసినాను. ఉజ్జోగం నీదే! పుంజు మొక్కు కూడా తీర్చేసినాం. కూర బాగుంది.

దీవెనలతో,
పైడన్న

తా.క.: ఓలమ్మో, కాయితం మడిసేలోగా కొంప మునిగింది! ఆ చిట్టిబాబు, దొంగసచ్చినోడు, నేను సెప్పిన అంకెలు తన పుస్తకంలో కూడా ఎక్కించుకున్నాడట. నిన్న అందులో ఒక సోటుకి ఎల్లి, పడవ ఒరిగిపోయేటట్టు కోనెం సేపలు తెచ్చాడు! ఎక్కడరా అంటే చమఖండి వైపు అంటన్నాడు. అంటే అటు కాదన్నమాట. నేనేమో ఏ అంకెలు సెప్పానో ఒక్కటీ గేపకం లేదు. తల్లీ, నీకు దండం పెడతాను, ఆ డిస్కు మూలల్లో ఒక్క గుర్తయినా మిగిలిందేమో సూడవే. మిగిలితే నీ పరీచ్చ తప్పిందని నేనెవరికీ సెప్పనులే.